పాఠము చెప్పువాని ఋణము

పాఠము చెప్పుట యనగా నేమి? తెలిసిన విషయమును తెలియనివారి యెదుట బలుకుటయే పాఠమైనచో పుస్తకమే చాలును, గురువుతో బనిలేదు. విద్యార్థి వినకున్న దోష మెవ్వరిదను ప్రశ్న మన పాఠశాలలలో నరుదుగా వినబడును. విననివాడు సోమరి యని తీర్పుచెప్పి, గంట మ్రోగగానే పుస్తకము మూసి వెడలిపోవుట బోధకులమైన మాకు జిరకాలపు టలవాటు.

ఒకనా డొక బాలుడు దహనమునకు లక్షణమును దప్పులేక వల్లించెను. వెలుగుచున్న దీపముపై గాజుపాత్రను బోర్లించిన నది యేల యారిపోవునని యడుగగా మిన్నకుండెను. లక్షణమును మేమే నేర్పితిమి. ఆ ప్రశ్నను మాత్ర మానాటివరకు మే మడిగియుండలేదు. ఆ మౌనము వానిది కాదు, మాది.

ఇట్టి తరుణమున మైకేల్ ఫారడే చరిత్రము తలపునకు వచ్చును. ఆయన లండను నగరమున బుస్తకములకు అట్టలు కట్టుపని నేర్చిన పేదవాడు. 1812లో హంఫ్రీ డేవీ యుపన్యాసములను విని, వ్రాసికొని, ఆ వ్రాతలకు దానే యట్టకట్టి డేవీకి బంపెను. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషనున నుద్యోగము లభించెను. పిమ్మట దానే యుపన్యాసకుడు కావలసివచ్చినప్పుడు, విషయము తెలిసిన జాలునని యూరకుండక, పలుకు తీరును సైత మొక గురువునొద్ద నభ్యసించెను. 1825లో నారంభమైన క్రిస్మసు ఉపన్యాసములను 1827 మొదలు 1860 వరకు బందొమ్మిది పర్యాయములు బాలబాలికల కాయన యిచ్చెను.

వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది కొవ్వొత్తిని గూర్చినది. కరగిన మైన మొత్తివెంట బైకెగబ్రాకుట, ఆవిరియై మండుట, జ్వాలపై బట్టిన చల్లని పాత్రకు నీటిబొట్లు పట్టుట, తుదకు మన యూపిరియు నట్టి దహనమునకు సాటియగుట — ఇన్నియు నాఱు ఉపన్యాసములలో నొక్క యొత్తినుండియే వెలువడెను. బాలుడు నిత్యము చూచు వస్తువే వానికి శాస్త్రద్వార మయ్యెను.

విద్య తపస్సే గాని వినోదము కాదని కొందఱందురు. సత్యమే. హరికథకుడు పిట్టకథలతోనే ప్రొద్దుపుచ్చినచో సభ నవ్వును గాని కథ నడువదు. అయినను, బోధకునిపై మనసు నిలుపు ఆకర్షణము వేఱు, విషయముపై నిలుపు ఆకర్షణము వేఱు. మొదటిది మన కీర్తికాంక్ష. రెండవది విద్యార్థికి మనము తీర్చవలసిన ఋణము. శ్రమను దొలగించుట బోధకుని పని కాదు. ఆ శ్రమ కర్థము కల్పించుట యాతని పని.

కావున దరగతికి బోవుటకు ముందు మనము నిర్ణయించుకొనవలసినవి కొన్ని గలవు. విద్యార్థి యింటికి గొనిపోవలసిన ప్రశ్న యేది? వాడెచ్చట దడబడును? వాని చేతి కేపని యీయవలెను? మన మెప్పుడు మాట మానవలెను? వీనికి సమాధానము లేనిచో మన పాండిత్యము కుండలోని దీపమే.

పర్లాకిమిడిలో నుపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారు సవరలకు జదువు చెప్పదలచి, ముందుగా దామే సవరభాష నేర్చి, యందు వాచకములు వ్రాసిరి. శిష్యుని భాషకు దాను శిష్యుడు కానివాడు వానికి గురువు కాజాలడు.

గంట మ్రోగినపిదప కరతాళధ్వనుల నెంచవలదు. ఇంటిదారిలో నొక బాలుడు తోడివానిని “అట్లేల జరిగినది?” యని యడిగెనేని, నాటి పాఠము ఫలించినదే.