అంగడిలోని వన్యప్రాణి - దోషమెవరిది?



ఇతరుల దోషమును విచారించునప్పుడు మన బుద్ధి మిక్కిలి చురుకుగా పనిచేయును. స్వదోషము వద్దకు వచ్చునప్పటికి మందగించును. 2020వ సంవత్సరమున కొరోనా మహమ్మారి లోకమును చుట్టుముట్టి, మన యిండ్ల తలుపులను సైతము మూయించిన దినములలో, శాకాహారులమైన మన కుటుంబములలో తరచుగా వినవచ్చిన మాట యొకటి కలదు. "వారు ప్రాకు పురుగును, ఎగురు పక్షిని దేనిని విడువక తిందురు; వారి పాపము లోకమునకెల్ల చుట్టుకొన్నది" అని. మనలో ననేకులము ఆ మాట అన్నవారమే, లేదా విని తల యూపినవారమే. ఆ భయంకర దినములు గడచిపోయినవి. ఇప్పుడైనను ఆ మాటలో సత్యమెంత, గర్వమెంత యని నిదానముగా విచారింపవలదా? వన్యప్రాణులను అంగడిలో నమ్ముట వలన వ్యాధి ప్రబలినచో, ఆ దోషము తిన్నవానిదా, అమ్మినవానిదా, చూచి యూరకున్నవానిదా?

మొదట విషయమును ఉన్నదున్నట్లు గ్రహింతము. "తడి అంగడి" యని లోకము పిలుచు సంతలు చైనాలోను, ఆగ్నేయాసియా దేశములలోను పట్టణపట్టణమున కలవు. చేపల క్రింద పరచిన మంచు కరగుట చేతను, మాటిమాటికి నీటితో కడుగుట చేతను అచ్చటి నేల ఎల్లప్పుడు తడిసి యుండును గనుక ఆ పేరు వచ్చినది. ఆకుకూరలు, పండ్లు, చేపలు, పందిమాంసము, కోళ్లు అచ్చట అమ్మబడును. సామాన్య గృహిణి ప్రాతఃకాలమున సంచి చేతబట్టి పోయి, బేరమాడి, ఆ పూటకు కావలసినవి తెచ్చుకొనును. ఇట్టి అంగళ్లలో అత్యధిక భాగమున అడవి జంతువులు లేనే లేవు.

అడవి జంతువుల వ్యాపారము వేరు. చైనా భాషలో దానికి "యేవెయ్" అని పేరు; అడవి రుచి యని అర్థము. అది ఆకలి తీర్చు భోజనము కాదు. అతిథికి తన సంపదను చూపదలచినవాడు విందులో వడ్డించు వంటకము. వూహాన్ నగరమున 2017 మే మొదలు 2019 నవంబరు వరకు పరిశోధకులు అంగళ్లు తిరిగి లెక్క వ్రాసిరి. కోటికి పైబడిన జనసంఖ్య గల ఆ మహానగరమున వన్యప్రాణులను అమ్ము దుకాణములు 17 మాత్రమే. ఆ పదునేడింటిలో ఆ కాలమున అమ్ముడుపోయినవి 38 జాతులకు చెందిన 47,381 ప్రాణులు. దాదాపు అన్నియు సజీవముగా, ఒకదానిపై నొకటి పేర్చిన పంజరములలో, దీనావస్థలో నుండెను. కొన్నిటి మేనిపై ఉచ్చుల గాయములును, తుపాకి గాయములును కానవచ్చెను. కావున "ఒక జాతి యంతయు ఇట్టిదే" యనుట అసత్యము. కొలదిమంది అమ్మిరి, కొలదిమంది ధనికులు కొనిరి, ఫలమును మాత్రము కోట్లమంది అనుభవించిరి.

వ్యాధి ఎట్లు వచ్చును? అడవిలో గబ్బిలము తన గుహలోను, పునుగుపిల్లి తన చెట్టుమీదను, ఏదుపంది తన బొరియలోను నుండును. ఒక్కొక్కదాని దేహమున ఆ జాతికి అలవాటైన సూక్ష్మక్రిములు ఉండును. అవి సాధారణముగా ఆ జాతికి పెద్ద హాని చేయవు. మనుష్యుడు వానినన్నిటిని పట్టి తెచ్చి పంజరముపై పంజరము పేర్చినప్పుడు, పై ప్రాణి మలమూత్రములు క్రింది ప్రాణిపై పడును. భయము చేతను, ఆకలి చేతను వాని రోగనిరోధక శక్తి క్షీణించును. ప్రకృతిలో ఎన్నడును కలిసికొనని జంతువులు అచ్చట ఒకదాని శ్వాసను ఒకటి పీల్చును. కోయువాని చేతికి నెత్తురంటును. క్రిమికి జాతినుండి జాతికి దాటుటకు ఇంతకంటె అనుకూలమైన వంతెన లేదు.

2002 నవంబరులో చైనా దక్షిణ భాగమున గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రములోని ఫోషాన్ నగరమున సార్స్ వ్యాధి మొదలయ్యెను. 2003 జూలై నాటికి అది 8,000 మందికి పైగా సోకి, 774 మందిని బలిగొనెను. ఆ సంవత్సరము మే నెలలో షెన్‌జెన్ నగరపు అంగడిలో, ముఖమున తెల్లని చారలు గల ఒక జాతి పునుగుపిల్లుల యందు అట్టి వైరసే కనబడెను. 2004 జనవరిలో ప్రభుత్వము సుమారు 10,000 పునుగుపిల్లులను చంప నాజ్ఞాపించెను. 2005లో తేలినదేమన, ఆ వైరసుకు దగ్గరి బంధువులు గబ్బిలముల యందున్నవని. పునుగుపిల్లి ఆ క్రిమికి నడిమి మజిలీ మాత్రమే. దానిని పంజరమున బెట్టినవాడు మనుష్యుడు, అమ్మినవాడు మనుష్యుడు. మరణశిక్ష మాత్రము దానికే పడినది.

కొరోనా విషయమున 2019 డిసెంబరు నాటి తొలి రోగులలో పలువురు వూహానులోని హ్వానాన్ అంగడితో సంబంధము గలవారు. 2020 జనవరి 1వ తేదీన ఆ అంగడి మూయబడెను. ఆ వ్యాధి ప్రాణులనుండియే వచ్చినదనుటకు సాక్ష్యము బలముగా నున్నను, దాని మూలము ఇంతవరకు నిర్వివాదముగా తేలలేదు. తీర్పు రాకముందే శిక్ష విధించుట ధర్మము కాదు. అయినను సార్స్ నేర్పిన పాఠమొక్కటియే ఈ వ్యాపారమును ఖండించుటకు చాలును.

ఇచ్చట కొందరు ఇట్లు వాదింతురు: "అట్లైన ఆ సంతలనన్నిటిని మూసివేసినచో పీడ విరగడగును గదా!" ఈ వాదము పైకి న్యాయముగా తోచును. కాని ఆ సంతలపై ఆధారపడి బ్రతుకు కూరగాయల వర్తకులును, చేపలు పట్టువారును ఏమగుదురు? చౌకగా కొని తిను పేదవాడేమగును? మూసిన వ్యాపారము చీకటి సందులలోనికి పోయి మరింత ప్రమాదకరమగును. హాంకాంగ్ చరిత్ర దీనికి మేలైన మార్గమును చూపినది. 1997లో అచ్చట కోళ్లనుండి వచ్చిన జ్వరము 18 మందికి సోకి ఆరుగురు మరణించిరి. పది లక్షలకు పైగా కోళ్లను చంపవలసి వచ్చెను. పిమ్మట వారు సంతలను రద్దు చేయలేదు. బాతులను కోళ్లనుండి వేరు చేసిరి. నెలనెలా ఒక దినము అంగళ్లనుండి కోళ్లన్నిటిని తొలగించి కడిగించిరి. 2008 నుండి సజీవమైన కోడిని రాత్రి అంగడిలో నిలువ యుంచరాదని నియమించిరి. వ్యాధి దాటు వంతెనను కూల్చిరి. మనుష్యుల బ్రతుకును కూల్చలేదు.

మరికొందరు జీవనోపాధిని ఎత్తిచూపుదురు. చైనాలో వన్యప్రాణులను పెంచు వృత్తిపై 2016 నాటికి ఒక కోటి 40 లక్షల మంది ఆధారపడి యుండిరనియు, ఆ వ్యాపారపు విలువ 52,000 కోట్ల యువానులనియు అచ్చటి పండితుల నివేదిక తెలిపినది. ఆ ధనమున అధిక భాగము తినుబండారముల వలన గాక, మెత్తని బొచ్చుచర్మముల వలన వచ్చినది! కోటు తొడుగుకొనిన ధనికుడు మాంసమును తాకకయే ఆ పంజరమునకు వెల చెల్లించినాడు. 2020 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వము భూచరములైన వన్యప్రాణులను తినుటను, తినుటకై అమ్ముటను నిషేధించెను. బొచ్చుచర్మముల వ్యాపారము ఆ నిషేధమునకు వెలుపలనే నిలిచినది.

శరణులు కాయకమునకు అత్యున్నత స్థానమొసగిరి. అయినను ఏ పని చేసినను కాయకమగునని వారు చెప్పలేదు. సంపాదన యే మార్గమున వచ్చినదో, దానివలన ఎవరికి హాని కలిగినదో యని ప్రశ్నించిరి. ఈ గీటురాయిపై పంజరపు వ్యాపారము నిలువజాలదు. అయితే ఒక కుటుంబపు జీవనమును తొలగించినవారు దానికి మారు మార్గము చూపవలెను. హునాన్, జియాంగ్‌షీ రాష్ట్రములు 2020లో పెంపకందారులకు పరిహారమిచ్చి ఆ వృత్తినుండి మరలించు పథకములను ప్రకటించినవి. పునుగుపిల్లిపై జాలిపడి, దానిని పెంచిన పేదరైతును మరచినచో ఆ దయ సగము దయయే యగును.

ఇక అసలు ప్రశ్న. 2003లో సార్స్ భయమున చైనా ప్రభుత్వము వన్యప్రాణుల వ్యాపారమును నిలిపివేసెను. వ్యాధి తగ్గినది, ఆగస్టు నెలలోనే 54 జాతుల పెంపకమునకును, అమ్మకమునకును మరల అనుమతి నొసగెను. ఆ జాతులలో పునుగుపిల్లియు నొకటి. భయము నుండి పుట్టిన నియమము భయముతోనే గతించును. మందు దొరకిన మరునాడు మనుష్యుడు మరల పంజరము తెరచును. "నాకు రోగము వచ్చును గనుక మానెదను" అనువాడు రోగమునకు వెరచినవాడే గాని ధర్మమునకు వెరచినవాడు కాడు. "దానికి బాధ కలుగును గనుక మానెదను" అనువాని నియమమే నిలుచును. ఆశ్చర్యమేమన, రెండవవాడు మొదటివాని ఆరోగ్యమును గూడ కాపాడును. ఇతర జీవికి హితమైనది తుదకు మనకును హితమగుటను ఇచ్చట ప్రత్యక్షముగా చూడవచ్చును.

ఇంతవరకు పొరుగువాని యింటిని చూచితిమి. గురివింద గింజ తన నలుపెరుగదన్నట్లు కాక, మన యింటిని గూడ చూచుకొందము.

2003లో అమెరికాలో కోతిమశూచి వ్యాధి సుమారు 47 మందికి సోకినది. దానికి కారణము భోజనము కాదు, ముచ్చట! ఆఫ్రికాలోని ఘనా దేశమునుండి ముచ్చటకై తెప్పించిన ఎలుకజాతి జంతువులనుండి, అచ్చటి ప్రెయిరీ కుక్కలను ఉడుతజాతి జీవులకు ఆ వ్యాధి సోకి, వానిని పెంచుకొన్న కుటుంబములకు అంటినది. మన దేశమున నక్షత్ర తాబేటిని శుభమని యింట నుంచుకొనువారు కలరు. విదేశములకు దొంగచాటున పంపువారు కలరు. ఒక్క వ్యాపార కేంద్రము చుట్టునే సంవత్సరమునకు కనీసము 55,000 నక్షత్ర తాబేళ్లు పట్టబడుచున్నట్లు 2015లో పరిశోధకులు ప్రకటించిరి. అలుగు పొలుసులలో ఔషధగుణమున్నదను నమ్మికచే ఆ మూగప్రాణి మన అడవులనుండి మాయమగుచున్నది. ఆ పొలుసు మన గోటివంటి పదార్థమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినను, రామచిలుకను పంజరమున బెట్టి దానికి దైవనామము నేర్పు శాకాహార గృహములు ఎన్ని లేవు? మాంసము పళ్లెములో లేనంతమాత్రమున పంజరము మన వసారాలో లేదని చెప్పలేము.

అంతకంటె ఘోరమైనది మరియొకటి జరిగినది. 2020లో మన నగరములలో నివసించు ఈశాన్య రాష్ట్రముల సోదరసోదరీమణులను వారి ముఖరేఖలను బట్టి "కొరోనా" యని పిలిచి అవమానించిరి. కొందరిని అద్దె యిండ్లనుండి పొమ్మనిరి. వారు ఈ దేశపు బిడ్డలు. జంతువుపై దయ చూపుచున్నామని తలచుచునే మనుష్యుని తిరస్కరించితిమి. పుట్టుకను బట్టియు, రూపమును బట్టియు మనుష్యుని హీనునిగా ఎంచుటపై పోరాడిన బసవేశ్వరుని పేరు తలచు మనకు ఇది తగునా? ఆహారశుద్ధి అహంకారమును పెంచినచో, ఆ శుద్ధి ఎవరిని ఉద్ధరించును?

చైనా దేశపు ప్రాచీన తత్త్వవేత్త మెన్షియస్ గ్రంథమున ఒక కథ కలదు. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దిలో చీ రాజ్యమునేలిన షువాన్ అను రాజు, క్రొత్త గంటకు రక్తాభిషేకము చేయుటకై తీసికొనిపోబడుచున్న యెద్దు వణకుట చూచి సహింపలేక, దానిని విడిచి గొఱ్ఱెను తెమ్మనెను. ప్రజలు రాజును పిసినారి యనుకొనిరి. కాని మెన్షియస్, రాజు ఎద్దును చూచెను, గొఱ్ఱెను చూడలేదు. భేదమంతయు అదియేయని వివరించి, కంటికి కనబడినదానిపై కలిగిన ఆ దయను కనబడనివారి వరకు విస్తరింపజేయుమని బోధించెను. దయ ఒక జాతి సొత్తు కాదనుటకు ఈ కథయే నిదర్శనము. "వారు" అని మనము వేలు చూపిన దేశముననే ఈ బోధ రెండువేల సంవత్సరములకు పైగా నిలిచియున్నది.

దోషమెవరిదను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. తిన్నవానిదే కాదు, అమ్మినవానిదే కాదు. అరుదైనదానిని సొంతము చేసికొని గొప్ప చాటుకొనవలెనను కోరిక యెచ్చట నున్నదో అచ్చట ఆ దోషము కలదు. అది విందులో పునుగుమాంసమైనను, భుజముపై బొచ్చుకోటైనను, వసారాలో రామచిలుకయైనను ఒక్కటియే.

కావున మన కుటుంబములకును, మఠములకును చేయు మనవి యిది. వన్యప్రాణిని పంజరమున నుంచకుడు, కొనకుడు, కానుకగా స్వీకరింపకుడు. ఇప్పటికే యింట నున్నదానిని తోచినచోట వదలక అటవీశాఖవారికి అప్పగింపుడు; అడవికి అలవాటు తప్పిన ప్రాణి బయట బ్రతుకజాలదు, దాని రోగము అడవికి సోకవచ్చును. మఠములలో పిల్లలకు దయను బోధించునప్పుడు జంతువుపై దయను, భిన్నమైన ఆహారము తిను మనుష్యునిపై గౌరవమును జతగా బోధింపుడు. బసవేశ్వరుడు దయలేని ఆచారమును ధర్మముగా అంగీకరింపలేదు. మన పళ్లెము శుద్ధమైనదని సంతోషించుటకు ముందు, మన వసారాలో పంజరమును, మన మాటలో తిరస్కారమును వెదకి చూచుకొందము.