పోని యాత్ర, మిగిలిన పైకము

మన దుర్గిలో రాతిని చెక్కు పనివారిని మీరెరుగుదురు. కొనువాడు రానియెడల ఉలి యెంత వాడియైనను ఇంట పొయ్యి వెలుగదు. బేత్లెహేములోను అట్టివారే ఒలీవ కర్రతో పశువుల తొట్టిని, గొల్లలను చెక్కి యాత్రికులకు అమ్ముదురు. ఆ ఊరికి యాత్రికులే జీవనాధారము. 2023 అక్టోబరు 7న హమాసు ఇశ్రాయేలుపై దాడి చేయగా గాజాలో యుద్ధము చెలరేగెను. బేత్లెహేము గాజాలోనిది కాదు. అయినను యాత్రికులు రారైరి. ఆ క్రిస్మసుకు వేడుకలు మానుకొనిరి; సత్రములు, దుకాణములు మూతపడెను.

మన తెలుగు క్రైస్తవులును అచ్చటికి పోవువారే. ప్రయాణము మానుకొన్నవారిని నేను తప్పుపట్టను. ప్రాణభయము పాపము కాదు. అయితే ఖర్చుకాక మిగిలిన పైకము మాటయేమి? "దేవుడు మిగిల్చెను" అందుమా? కత్తి పట్టనివాని కంచములోనిది గదా అది! బేరము జరుగనిచోట బాకీ లేదని షావుకారు చెప్పును. అతని లెక్కకు అది సరియే. మాసిదోనియ, అకయ సంఘములలో యెరూషలేమునకు ప్రయాణమైనవారు కొద్దిమందే. అచ్చటి బీదలకొరకు చందా ఇచ్చినవారు అనేకులు. పౌలు రోమీయులకు వ్రాయుచు, పత్రిక 15వ అధ్యాయములో, ఆ చందాను ఋణముగానే ఎంచెను.