22 పొయ్యిల దగ్గర

ఇంద్రవెల్లిలో సోమవారం అంగడి. చెట్టు కింద ఒక పెద్దాయన సంచి పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. పక్కనే కాలేజీ పిల్లగాడు ఫోన్ చూసుకుంటున్నాడు. పెద్దాయన 'రామ్ రామ్' అన్నాడు. పిల్లగాడు తలెత్తకుండానే 'రామ్ రామ్' అని మళ్లీ ఫోన్‌లోకి పోయాడు. ఏ ఊరు, ఏ ఇంటిపేరు అని అడుగుదామనుకున్న మాట పెద్దాయన నోట్లోనే ఉండిపోయింది.

పిల్లగాణ్ణి నేను తప్పు పట్టను. దూరాన కూలికి పోయిన అన్నతో మాట్లాడుతున్నాడేమో. దూరాన ఉన్న మనవాడి కోసం పక్కన కూర్చున్న మనిషిని పట్టించుకోకపోవడం తప్పవుతుందా? పక్కవాడికి మనం ఏమైనా బాకీ ఉన్నామా?

గోండుల్లో ఇంటిపేరు అడగడం ఆరా తీయడం కాదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు మనకు తెలుసు. ఒకే సగ అయితే అన్నదమ్ముడు, వేరే సగ అయితే వియ్యంకుడు కాదగినవాడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు రెండు మాటల్లో వరసలు కలుపుకుంటారు. అంగట్లో సగ లేనివాళ్లూ ఉంటారు. ఉప్పు అమ్మే సేటు, బట్టల మూట తెచ్చే మరాఠీ మనిషి, పక్క తండా ఆమె. వాళ్లతో చుట్టరికం లేదు, ముఖ పరిచయమే. పేరు కూడా తెలియదు. అయినా పదేళ్లుగా ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు.

ఈ ముఖ పరిచయాలు ఎట్లా పుడతాయో చూడాలంటే కేస్లాపూర్ పోవాలి. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వంశం వాళ్ల ఛకడా బండి ఊరూరా తిరిగి కబురు చెబుతుంది. తర్వాత జన్నారం మండలంలోని హస్తినమడుగుకు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు. జాతరలో ఎన్ని కుటుంబాలు వచ్చినా గోవాడ్‌లో 22 పొయ్యిల మీదే వంట. ఒకరి వంట అయితే గానీ ఇంకొకరి గిన్నె ఎక్కదు. ఆ వంతు కోసం నిలబడినప్పుడే ఏ ఊరి కోడలివి, పత్తి ఎట్లా పండింది అనే మాటలు మొదలవుతాయి. ఇంకో వంద పొయ్యిలు పెడితే వంట తొందరగా అయిపోయేది. ఆ మాటలూ అంతే తొందరగా అయిపోయేవి.

జాతర తేదీ ఇప్పుడు వాట్సాప్‌లో నిమిషంలో అందరికీ తెలుస్తుంది. అయినా ఛకడా తిరుగుతూనే ఉంది. కబురు ఒక్కటే పని అయితే, రోడ్డు మీదికి బస్సు వచ్చిననాడే అది ఆగిపోవాలి.

అట్లని ఫోన్‌కు ఇక్కడ పని లేదనను. జాతర గుంపులో పిల్ల తప్పిపోతే అదే దిక్కు. నీళ్లకు పోయినవాళ్లు ఈ రాత్రి ఎక్కడ ఆగుతారో ముందే తెలిస్తే ఆ ఊరివాళ్లు వంట సిద్ధం చేసుకుంటారు. ఇక గుట్ట మీది గూడేలలో సిగ్నల్ కోసం అందరూ ఒక్క చోటికే ఎక్కుతారు. అది ఎవరూ పెట్టని అంగడి. 108కి ఫోన్ చేసే ఆశా కార్యకర్త, హాజరు పంపే సారు, రెండు గూడేల పిల్లలు అక్కడే కలుస్తారు. ఊళ్లోకి టవర్ రావాలి. కాన్పు నొప్పుల ఆడమనిషి ఇంటివాళ్లు గుట్ట ఎక్కాల్సిన గతి ఉండొద్దు. కాకపోతే ఆ రోజు నుంచి ఆ రెండు గూడేల పిల్లలు ఎక్కడ కలుస్తారనేది కూడా మనమే చూసుకోవాలి.

ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. మామూలు ఫోన్ నుంచే గోండిలో మాట చెప్పి రికార్డు చేయవచ్చు, ఎవరో తెలియనివాళ్లు వింటారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అది సంతోషమే, కానీ చదువు రాని పెద్దలకు గొంతే దారి. బడిలో పిల్లలతో వారానికొక గోండి మాట రికార్డు చేయించి ఊరి గ్రూపులో పెట్టించడం సార్లకు పెద్ద పని కాదు. 'బస్సు పదింటికి, అంగడికి రండి' అన్నా చాలు. మనుషులను చెట్టు కిందికి రప్పించే మాట అయితే మేలు.

ఇంకొకటి నన్ను ఎక్కువ బాధిస్తుంది. ఇప్పపువ్వు అమ్మే ఆమెను అడగకుండానే ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఆమె తన ముఖాన్ని అంగడికి ఇచ్చింది, మన ఫోన్‌కు ఇవ్వలేదు. బస్సులో పలకరించిన పిల్ల నంబరు ఇచ్చినట్టు కాదు. ముఖ పరిచయంలో సుఖమే అది. ఫోన్ ఎత్తలేదేమని అడిగే హక్కు ఎవరికీ ఉండదు, ఎప్పుడు చూశావో లెక్కపెట్టే నీలం టిక్కులు ఉండవు. అందరినీ గ్రూపులోకి లాగితే పలకరింపు కాస్తా కాపలా అవుతుంది.

మరి పక్కవాడికి బాకీ ఏమీ లేదా? ఉందనే నేననుకుంటాను. చింతపండు అమ్మే ఒక ముసలమ్మ మూడు సోమవారాలు రాలేదు. ఆమె పేరు ఎవరికీ తెలియదు, ఊరు మాత్రం తెలుసు. గాజులమ్మే ఆమె ఆ ఊరి పిల్లగాడొకడి నంబరు కనుక్కొని ఫోన్ చేసింది. ముసలమ్మకు మోకాలు వాచిందట, వచ్చే వారం వస్తానందట. వింటున్న నలుగురూ హమ్మయ్య అనుకున్నారు. ఆ చెట్టు కింద ఆమె చోట్లో టమాటాల గంప దించబోయిన కొత్త మనిషిని కొంచెం పక్కకు జరగమన్నారు.