రన్‌కు రెండో మాట వెతికే ముందు

బిడ్డా,

వాట్సాప్‌లో పంపిన నీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ చదివాను. అంతా బాగానే ఉంది గానీ మీ నాయిన దుకాణం దగ్గర ఆగిపోయాను. పోయినసారి పంపినప్పుడు ‘మై ఫాదర్ రన్స్ ఎ కిరాణా షాప్’ అని ఉంది. ఇప్పుడు ‘రన్స్’ తీసేసి ‘ఆపరేట్స్’ అని పెట్టావు. ఎందుకే అంటే, రన్ చిన్నపిల్లల మాటట, ఇంటర్వ్యూలో బరువైన మాట పడాలట, హాస్టల్లో నీ రూమ్మేట్ చెప్పిందట. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర జిరాక్స్ సెంటర్లో కొన్న సినానిమ్స్ కాగితాలు ఎట్లాగూ ఉన్నాయి. రన్ అంటే ఆపరేట్, మేనేజ్, కండక్ట్, ఎగ్జిక్యూట్, ఫ్లో, స్ప్రింట్ అని వరుసగా బట్టీ పడుతున్నావు. అది మానెయ్యమని చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

ఆ వరుసలో ఉన్నవన్నీ ఒకే ఇంటి తోడికోడళ్లు. ఇంటిపేరు ఒకటే గానీ ఎవరి పని వాళ్లది. మీ నాయిన దుకాణాన్ని ‘మేనేజ్’ చేస్తాడని చెప్పావనుకో, యజమాని ఇంకెవరో ఉన్నాడు, ఈయన జీతానికి చూసుకుంటున్నాడు అనుకోవచ్చు వినేవాళ్లు. ‘ఆపరేట్’ అంటే లిఫ్టో క్రేనో గుర్తొస్తుంది, లేదా పది ఊళ్లలో బ్రాంచీలున్న కంపెనీ. ‘కండక్ట్’ చేసేది పరీక్షలు, మీటింగులు. ఇక ‘ఎగ్జిక్యూట్’ ఉంది చూడు, ప్రోగ్రాంను ఎగ్జిక్యూట్ చేస్తే అది నడుస్తుంది, మనిషిని ఎగ్జిక్యూట్ చేస్తే మరణశిక్ష అమలు చేసినట్టు. కిరాణా దుకాణాన్ని ఎగ్జిక్యూట్ చేస్తే ఏమవుతుందో నువ్వే చెప్పాలి. దుకాణం తనదే, పొద్దున షట్టర్ ఎత్తేదీ రాత్రి దించేదీ తనే, ఉద్దెర పద్దు రాసేదీ తనే. ఇదంతా ‘రన్స్’ అన్న ఒక్క ముక్కలో పడుతుంది. మళ్లీ అదే పెట్టు. బరువు కావాలంటే మాటలో వెతక్కు, ఇంకో వాక్యం చేర్చు. ఇంటర్ చదివేటప్పుడు ఆ పద్దు పుస్తకం నువ్వే కూడేదానివి కదా, ఆ సంగతి రాయి.

రన్ చిన్నపిల్లల మాట అన్న నీ రూమ్మేట్‌కు ఒక కబురు చెప్పు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు, అదే 1884 నుంచి భాగాలు భాగాలుగా అచ్చయి 1928లో పూర్తయినది, దాని రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే పొడుగైన ఎంట్రీ ‘సెట్’ అనే మాటది. ఆ తర్వాత మూడో కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే ఆయన నెలల తరబడి ‘రన్’ మీదే కూర్చున్నాడు. క్రియగా దానికి తేలిన అర్థాలు 645. సెట్ వెనకబడిపోయింది. కాళ్లతో చేసే పనిని ఇంగ్లీషువాళ్లు నీటికి, కాలానికి అంటించారు, యంత్రాలొచ్చాక గడియారానికి, మిల్లుకు, రైలుకు, ఇంజనుకు, చివరికి నువ్వు నేర్చుకునే పైథాన్‌కూ అంటించారు. (సెట్ ఓడిపోయిందని బాధపడకు. అమీర్‌పేటలో దానికి వచ్చిన లోటేమీ లేదు. ‘జాబ్ సెట్ అయిందా’ అన్న ఒక్క ప్రశ్న మీదే అక్కడి హాస్టళ్లన్నీ నిలబడి ఉన్నాయి.)

645 అర్థాలా అని గుండె జారిపోనివ్వకు. మన ‘కొట్టు’ను చూడు. గంట కొడతాం, టెంకాయ కొడతాం, ఈల కొడతాం, కాపీ కొడతాం. ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, సినిమా బోరు కొడుతుంది. కోస్తావాళ్లయితే మీ నాయిన దుకాణాన్నే కొట్టు అంటారు. వీటిలో ఒక్కటైనా నీకు ఎవరన్నా బట్టీ పట్టించారా? ‘బాదు’ కూడా కొట్టడమే కదా అని ఎవడైనా ‘బోరు బాదుతోంది’ అంటే పగలబడి నవ్వుతావు. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేవు. బోరు పక్కన కొట్టునే విన్నావు, వెయ్యిసార్లు విన్నావు. ఇంగ్లీషు మాట కూడా అట్లాగే, పక్కన ఏ మాటతో కూర్చుంటుందో దాన్నిబట్టే పట్టుకోవాలి.

బట్టీ పట్టడం నేనేమీ తక్కువ చెయ్యను. వెనకటి వీధిబడుల్లో అమరకోశం వల్లె వేయించేవాళ్లు, అదీ పర్యాయపదాల పుస్తకమే. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అని పద్యాల్లోనే రాసి పెట్టాడు. కానీ అమరం అయ్యాక కాళిదాసు కావ్యం చేతికిచ్చేవాళ్లు, ఏ మాట ఎక్కడ ఒదుగుతుందో అక్కడ తెలిసొచ్చేది. మీ అమీర్‌పేట చదువు అమరంతో మొదలై అమరం దగ్గరే ఆగిపోతోంది. అసలు 1852లో లండన్‌లో రోజెట్ అనే వైద్యుడు థెసారస్ అచ్చు వేసింది భాష కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం కాదు. మాటలన్నీ తెలిసీ, కావలసిన మాట నోటిదాకా వచ్చి దొరకనివాళ్ల కోసం. దాన్ని తెచ్చి ఇంకా భాష అబ్బని పిల్లల చేతిలో పెడితే ఇట్లాగే దుకాణాలు ఎగ్జిక్యూట్ అవుతాయి.

మరి ఏం చెయ్యాలంటావా? నువ్వు నడిచే దారిలోనే పాఠం ఉంది. అమీర్‌పేట మెట్రోలో ఎక్కినప్పుడు అనుకో, ఈ రైలు మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ‘రన్స్’. పంజాగుట్టలో దిగి నిమ్స్ ఓపీ ముందు నుంచి పోతావు, అక్కడ పిల్లాడికి జ్వరం ఉంటే ఇంగ్లీషులో ‘రన్నింగ్ ఎ టెంపరేచర్’, ముక్కు కారుతుంటే ‘రన్నింగ్ నోస్’, ఇంటిల్లిపాదికీ షుగరుంటే ‘ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’. చౌరస్తాలో పాత క్లాస్‌మేట్ ఎదురుపడితే ‘రన్ ఇంటు’. కారు డివైడర్‌కు గుద్దుకున్నా ‘రన్ ఇంటు’యే, కాబట్టి వెనక ఏముందో చూసుకో. నోట్సు ఒకసారి తిరగేస్తే ‘రన్ ఓవర్’, బండి మనిషి మీదికెక్కినా అదే. పెట్రోలు అయిపోతే ‘రన్ అవుట్’, నెలాఖరుకు హాస్టల్లో డబ్బు అయిపోయినా అదే. క్రికెట్‌లో రనౌట్ నీకు నేను చెప్పక్కర్లేదు.

ఊరు మారితే మాట మారడం కూడా గమనించు. ఎర్రలైటు దాటి చలానా తెచ్చుకున్నవాణ్ణి మనం ‘సిగ్నల్ జంప్ చేశాడు’ అంటాం. డాలస్‌లో ఉన్న మీ అన్న ‘రన్ ఎ రెడ్ లైట్’ అంటాడు. ఎన్నికల్లో అమెరికావాడు ‘రన్’ చేస్తాడు, ఇంగ్లండువాడు ‘స్టాండ్’ అంటాడు, మనవాడు సనత్‌నగర్ నుంచి ‘కంటెస్ట్’ చేస్తాడు. ఒకే పనికి ఒకడు పరుగెత్తుతున్నాడు, ఒకడు నిలబడుతున్నాడు. సినానిమ్స్ కాగితంలో ఈ ముచ్చట ఎక్కడుంది?

మాక్ ఇంటర్వ్యూలో ‘రన్ మీ త్రూ యువర్ ప్రాజెక్ట్’ అనగానే నువ్వు ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ రన్ చెయ్యబోయావని మీ అమ్మ చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాపం, ఆ కాగితంలోని ఒక్క మాటా అక్కడ నిన్ను ఆదుకోలేదు. ఇంటర్వ్యూ చేసినాయన అడిగింది మొదటి నుంచి చివరిదాకా క్లుప్తంగా చెప్పమని, అంతే. ఇట్లాంటివే అసలు ఇంటర్వ్యూలో తగిలేవి. పెద్ద మాటలు ఎవరూ అడగరు, చిన్న మాటల పక్కన ఒక త్రూ, ఒక అవుట్, ఒక ఇంటు చేరి కూర్చుంటాయి.

అందుకే ఆ జిరాక్సులు పక్కన పడేసి హార్న్‌బీ నిఘంటువు కొనుక్కో, అదే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్. ఆయన జపాన్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాడు. మనలాంటి పరాయి భాషవాళ్లు ఎక్కడ తడబడతారో చూసి చేసిన పుస్తకం అది, మొదట అచ్చయింది కూడా టోక్యోలోనే, 1942లో. రన్ పేజీ తీసి అర్థాలు వదిలేసి, కింద ఇచ్చిన వాక్యాలు చదువు. నీ రోజులో నిజంగా పనికొచ్చే రెండు మూడు ఏరుకుని ఆ రోజంతా వాడు, రూమ్మేట్ మీదనైనా సరే.

కొత్తది కొనకు, ధర ఎక్కువ. ఆదివారం మెట్రోలో నాంపల్లిలో దిగి అబిడ్స్ దాకా నడిచిపో, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పాత ఎడిషన్ అయినా పర్వాలేదు, రన్ ఉన్న పేజీలు చిరగలేదని చూసుకుని తీసుకో. అమ్మేవాడు చెప్పిన ధరకు సగం నుంచి మొదలుపెట్టు, బేరం మాత్రం తెలుగులోనే చెయ్యి.

మీ పెద్దమ్మ