కాయకశుద్ధి - జలశుద్ధి

లింగమజ్జనమునకు జలము కావలెను. పాదోదకమునకు జలము కావలెను. ప్రసాదము వండు కుండలోనికి కూడ జలమే కావలెను. అష్టావరణములలో పాదోదకమునకు స్థానమిచ్చిన ధర్మము నీటిని కేవలము దాహము తీర్చు పదార్థముగా చూడలేదు. అట్టి ధర్మమును అనుసరించు కుటుంబములకు ఒక ప్రశ్న తప్పక ఎదురగును. ఒకడు తన కాయకమును శ్రద్ధతో చేయుచున్నాడు. ఆ కాయకమునుండి వెలువడు మలినము దిగువనున్న వాని బావిని చెరచుచున్నది. అప్పుడు ఆ కాయకము శుద్ధమైనదేనా?

ఈ ప్రశ్న గ్రంథములకు పరిమితమైనది కాదు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములోని చిట్కుల్ గ్రామమును, దాని చుట్టునున్న పల్లెలును సుమారు అర్ధశతాబ్దముగా ఈ ప్రశ్న నడుమనే జీవించుచున్నవి.

వాన ఎక్కడ కురిసినను నీరు పల్లమునకే పోవును. ఒక వాగునకు నీరిచ్చు నేల అంతయు ఆ వాగు పరీవాహక ప్రాంతము. ఊరి పొలిమేర రెవెన్యూ కాగితములలో ఉండును; నీటి పొలిమేర నేల వాలులో ఉండును. ఈ సీమలోని నీరు ఇసుకవాగు మొదలగు పాయలుగా వచ్చి నక్కవాగులో కలియును. నక్కవాగు మంజీరను చేరును. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. గోదావరి కోనసీమను తడిపి బంగాళాఖాతములో లయించును. సముద్రము చిట్కుల్‌కు ఎంతో దూరము. అయినను అక్కడి చినుకు ఆ తీరపు చినుకే. ఎగువ నున్నవాడు విడిచినది దిగువ నున్నవాడు దోసిట పట్టును.

మంజీరకు మరియొక విశేషము కలదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన ఆ నది, బసవకల్యాణమున్న బీదరు జిల్లా గుండా సాగి సంగారెడ్డి సీమకు వచ్చును. పన్నెండవ శతాబ్దమున అనుభవమండపము వెలసిన ప్రాంతమునుండి వచ్చు నీటిలో నక్కవాగు కలియుచున్నది. ఆ వాగు దేనిని మోసుకొనిపోవుచున్నదో బసవభక్తులు తెలిసికొనవలదా?

ఈ నేల రాతినేల. గ్రానైటు మీది మట్టిపొరలోను, రాతి పగుళ్లలోను నిలిచినదే ఇక్కడి భూగర్భజలము. అందుచేత పూర్వులు వాలు వెంబడి గొలుసుకట్టు చెరువులు నిర్మించిరి. పై చెరువు అలుగు పారినచో కింది చెరువు నిండును. నీరటి తూము తెరచి వంతుల ప్రకారము మడులకు నీరు పారించును. కట్ట, తూము, అలుగు, శిఖము చక్కగా ఉన్నంతకాలము బావులలో ఊట తగ్గదు. కాని మంచినీటిని క్రిందికి చేర్చిన ఆ గొలుసే చెడునీటిని కూడ అంతే చక్కగా చేర్చును. రాతి పగుళ్లలోనికి ఒకసారి దిగిన విషమును తిరిగి తోడుట మిక్కిలి కష్టము.

1970వ దశకములో పటాన్‌చెరు ప్రాంతమున పారిశ్రామికవాడ వెలసినది. ఔషధములకు మూలమగు రసాయనములను తయారుచేయు కర్మాగారములు క్రమముగా పెరిగినవి. పొలము మీద ఆధారపడిన ఇండ్లకు నెలజీతము వచ్చినది. ఆ మేలును కాదనుట న్యాయము కాదు. అయితే వాగునీరు రంగు మారినది, పొలములు పాడైనవి, బావులు పనికిరాకపోయినవి. 1990లో ఈ వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరినది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రము ఏర్పడినది. వ్యాజ్యము 2001లో హైకోర్టుకు మారి, చివరకు జాతీయ హరిత ట్రిబ్యునలులో 2017లో తీర్పునకు వచ్చినది. వ్యాజ్యము మొదలైన ఏట పుట్టిన శిశువునకు తీర్పు నాటికి ఇరువదియేడేండ్లు.

ఈలోగా 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందము ఒక పరిశోధనను ప్రకటించినది. శుద్ధి కేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు మోతాదు కంటె ఇది అధికము. 2009లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో ఆ ప్రాంతపు రెండు చెరువులలోను, ఆరు గ్రామముల బావులలోను మందుల అవశేషములు తేలినవి.

ధర్మసూక్ష్మము ఇక్కడనే ఉన్నది. కర్మాగారమున తయారైనది విషము కాదు, ప్రాణము నిలుపు మందు. ఎక్కడనో ఒక తల్లి ఆ మాత్రతో బిడ్డ జ్వరము తగ్గించుకొనుచున్నది. కాని ఆ మందే వాగులో నిత్యము కలిసినప్పుడు సూక్ష్మక్రిములు దానికి అలవాటుపడి లొంగని బలము సంపాదించును. అప్పుడు మరియొక తల్లికి అదే మాత్ర పనిచేయదు. ఫలము మంచిదైనంత మాత్రమున కాయకము శుద్ధము కాదు. చేతికి వచ్చు ఫలముతోపాటు వాగులోనికి పోవు శేషమును కూడ లెక్కించినప్పుడే దాని విలువ తెలియును.

2009లో శుద్ధి కేంద్రపు నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టము ద్వారా హైదరాబాదు మురుగుకాలువలలోనికి మళ్లించి, అంబర్‌పేట శుద్ధి కేంద్రమునకు పంపుట ఆరంభమైనది. అంబర్‌పేట నీరు మూసీలోనికి పోవును. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. అనగా గోదావరి వాలున పుట్టిన మలినము కృష్ణ వాలునకు మారినది. నక్కవాగునకు కొంత ఊరట కలిగియుండవచ్చును. కాని బరువును ఒక భుజమునుండి మరియొక భుజమునకు మార్చుట దించుట కాదు. బసవేశ్వరుడు కొలిచిన దేవునికి కూడలసంగమదేవుడని పేరు. ఆ కూడలసంగమము కృష్ణా మలప్రభల కలయిక. సంగమము పేర దైవమును పిలుచువారికి పరుల నది అనునది ఎక్కడ?

అయిదక్కి మారయ్య కథ భక్తులెరుగనిది కాదు. నేల రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అక్కరకు మించి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ అంగీకరింపక, అధికమైనదానిని వెనుకకు ఇచ్చిరమ్మని పంపినది. ఆమె చూపిన తూకము నేటికిని పనికివచ్చును. వ్యర్థజలమును సరిగా శుద్ధి చేయుటకు ధనము కావలెను. ఆ ఖర్చు చేయక మిగిల్చిన ధనము ఎవరిది? అది యజమాని కాయకముతో వచ్చినది కాదు. దిగువ రైతు పొలమునుండి, బావినుండి, ఆరోగ్యమునుండి అడుగకయే తీసికొన్నది. లక్కమ్మ వాకిట అట్టి బియ్యమునకు చోటు లేదు.

దాసోహము సంగతియు అంతే. దాసోహమనగా తనదానిని సమాజమునకు సమర్పించుట. తనది కానిదానిని సమర్పించుట దాసోహమెట్లగును? వాగును చెరచి మిగిల్చిన ధనముతో అన్నసత్రము కట్టినను, ఆ పంక్తిలో కూర్చున్నవాడు తన బావి వెలనే భుజించుచున్నాడు. మఠములు దాతను అవమానింపనక్కరలేదు. విరాళము స్వీకరించుటకు ముందు, "అయ్యా, మీ నీరు ఎక్కడికి పోవుచున్నది?" అని అడుగవచ్చును. ఆ ఒక్క మాట జంగమునకు తగినదే.

కూలివాని మాట ఏమి అని ఎవరైనను అడుగుదురు. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడు యువకునికి గొట్టము ఎక్కడ తెరువవలెనో నిర్ణయించు అధికారము లేదు. దోషము అధికారమును, లాభమును అనుసరించి ఉండును. అతని కాయకమును నిందించుట అధర్మము. అయితే అతని ఇంటివారు త్రాగునది కూడ ఆ నేల నీరే. ఉద్యోగమా, నీరా అని అతనినే ఎంచుకొనుమనుట న్యాయము కాదు. రెంటిని ఇవ్వగలవారు ఇవ్వకపోవుటయే అసలు దోషము.

ఇక కుటుంబములు చేయదగినదేమి? బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. ఎండలకు చెరువులు తగ్గి, శిఖము బయటపడి, నీరు వచ్చు కాలువలు కంటికి కనబడు కాలమది. ఆనాడు పూజానంతరము పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని తమ చెరువునకు నీరు ఎటునుండి వచ్చునో, అలుగు పారి ఎటు పోవునో నడిచి చూపవలెను. శిఖము పూడ్చినవారెవరో, కాలువకు అడ్డము కట్టినవారెవరో గుర్తింపవలెను. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి బావినీటిని పరీక్ష చేయించి ఫలితము గ్రామపెద్దల యెదుట చదువవలెను. రాత్రివేళ వాగులో వ్యర్థము పడినచో తేదీతో వ్రాసి కాలుష్య నియంత్రణ మండలికి అందరి సంతకములతో పంపవలెను. ఒక్కని ఫిర్యాదు మరుగున పడవచ్చును. ఊరంతటి సంతకమును మరుగుపరచుట అంత సులభము కాదు.

మడివాళ మాచయ్య బట్టలుతుకుటను, అంబిగర చౌడయ్య పడవ నడుపుటను శివపూజగా చేసిరి. ఇరువురి కాయకములును నీటిమీదనే నిలిచినవి. నీరు చెడినచోట మాచయ్య వస్త్రము తెల్లబడదు. శరణుల పేరు తలచువారు వాగును కూడ తలపవలెను. ఉదయము ఇష్టలింగముపై పోయు నీరు ఏ బావిదో, ఆ బావికి ఏ వాలునుండి వచ్చినదో, తమ వాకిలి దాటిన నీరు ఎవరి బావిని చేరునో తెలిసి చేయు పూజయే పూర్ణమైన పూజ.