వెలుగుకు పట్టి చూసే పేగు

ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద ఈపాటికే ఎవరో ఒకరు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేను పైకి లాగి ఉంటారు. ఒక రొయ్యను వెలుగుకు పట్టి చూస్తారు. వీపు పొడవునా పేగు నిండుగా, తెగకుండా కనబడితే మేత తిన్నట్టు. ఖాళీగా ఉంటే ఆ రైతుకు గుండె గుభేలుమంటుంది. వంటింట్లో మనం చాకు మొనతో లాగి పారేసే నల్లటి పోగు అదే.

మన పేగును అలా వెలుగుకు పట్టి చూడలేం. పెద్దవాళ్లలో చిన్నపేగు సుమారు 6 మీటర్లు. దాని లోపలి గోడ ముఖమల్ గుడ్డలా ఉంటుంది. తిన్నదాని సారాన్ని రక్తానికి అందించేది ఆ సన్నని నూగే. అది అరిగిపోతే ఎంత తిన్నా ఒంటబట్టదు, మనిషి చిక్కి శల్యమవుతాడు. స్ప్రూ జబ్బు చేసేది అదే. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరిని రోజుల తేడాలో ఆ జబ్బే తీసుకుపోయింది. ఆయనకూ సోకింది, ఎలాగో బతికి బయటపడ్డారు. 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

ఇవాళ మన ఊళ్లలో గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. మింగిన కాసేపటికి, చిన్నపేగు పైభాగంలోనే, ఆ నూగు దాన్ని అందుకుంటుంది.