జూన్ ఒకటిన పుట్టిన పిల్లలు



మొన్న ఆదివారం పూజ అయ్యాక ఒక టీచరమ్మ నా దగ్గరకు వచ్చి, "ఫాదర్‌గారూ, నేను చేస్తున్నది అన్యాయమంటారా?" అని అడిగింది.

ఆమె చేస్తున్నది ఇదీ. ఐదో తరగతిలో ఆమెకు 38 మంది పిల్లలు. ఎవరి పుట్టినరోజు వచ్చినా ముందురోజు రాత్రి డ్రాయింగు షీటు ముక్క ఒకటి మడిచి, దానిమీద నీటిరంగులతో బొమ్మ వేసి ఆ బిడ్డకు ఇస్తుంది. మేకలు కాసే ఇంటి పిల్లకు మేకపిల్ల, లారీ డ్రైవరు కొడుక్కి లారీ. ఒకరికి వేసిన బొమ్మ మరొకరికి వెయ్యదు.

తోటి ఉపాధ్యాయుడు ఒకాయన అభ్యంతరం చెప్పాడట. "సెలవుల్లో పుట్టినవాళ్ల సంగతేమిటి? ఇస్తే అందరికీ సమానంగా ఇవ్వండి, లేకపోతే మానెయ్యండి. నవంబరు 14న బాలల దినోత్సవానికి అచ్చు కార్డులు కొని తలా ఒకటి పంచితే సరిపోతుంది కదా!"

ఆ మాటలో న్యాయం లేదనలేం. రిజిస్టరు తిరగేస్తే ఆరుగురు మే నెలవాళ్లు. నలుగురి పుట్టినరోజు జూన్ 1. ఆ తేదీ కథ మన పెద్దలకు తెలిసిందే. బిడ్డను బడిలో చేర్చేటప్పుడు తండ్రికి తేదీ తెలియకపోతే హెడ్మాస్టరు వయసు అంచనా కట్టి జూన్ 1 అని వేసేవారు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, పని కోసం ఊళ్లు తిరిగే కుటుంబాల్లో ఆ కాగితం ఇప్పటికీ అందరి దగ్గరా ఉండదు. అంటే కాగితం లేని బిడ్డకే కార్డు కూడా లేదన్నమాట!

పక్షపాతం అనే పాపాన్ని గురించి రాస్తూ పునీత తోమాసు అక్వీనాసు ఒక తేడా చూపించారు. ఎదుటివారికి చెల్లవలసినదాన్ని ఇవ్వడంలో మొహం చూసి హెచ్చుతగ్గులు చేస్తే అది పాపం. సొంతదాన్ని ఉచితంగా ఇచ్చేటప్పుడు ఎవరికి ఎంత ఇచ్చినా అన్యాయం కాదు. ఈ లెక్కన టీచరమ్మ తప్పేమీ చేయలేదు.

కాని అక్కడితో ఆగడానికి నాకు మనసొప్పలేదు. కార్డు ఆమె బాకీ కాదు, నిజమే. "నువ్వు నా కంట పడ్డావు" అని ప్రతి బిడ్డకూ తెలియజేయడం మాత్రం టీచరు బాకీయే. కార్డు ఆ మాట చెబుతోంది గనుక, అది అందని బిడ్డకు మరో మాట వినబడుతుంది. మరి అచ్చు కార్డు? అది 38 మందికీ సమానంగా అందుతుంది, అయితే అందులో ఆ 38 మందిలో ఒక్కరూ కనబడరు. సమానత్వం కోసం అందరినీ మరిచిపోవడం ఏం న్యాయం?

నేనూ జూన్ 1 బిడ్డనే. సెమినరీలో చేరేటప్పుడు జ్ఞానస్నాన ధ్రువపత్రం కోసం మా విచారణ గురువు పాత పుస్తకం తిరగేస్తే అందులో ఆగస్టు నెల తేదీ కనబడింది. అలా పుట్టిన పదిహేనేళ్లకు నాకు పుట్టినరోజు దొరికింది. నన్ను కదిలించింది ఆ తేదీ కాదు. నాకోసం ఒక పెద్దాయన అద్దాలు సర్దుకుంటూ, దుమ్ము పట్టిన పేజీల్లో గంటసేపు వెతకడం.

అందుకే టీచరమ్మతో ఇలా అన్నాను: "మానకమ్మా. మే నెలవాళ్లకు బడి మూసేలోపే ఇవ్వు. ఆ నలుగురి ఇళ్లకు వెళ్లి అమ్మమ్మలను, నాయనమ్మలను అడుగు. ఎవరికీ గుర్తులేకపోతే ఒక రోజును ఆ బిడ్డనే ఎంచుకోమను."

"అది అబద్ధం కాదా ఫాదర్?" అంది.

యేసు పుట్టిన తేదీ సువార్తల్లో ఎక్కడా లేదు. అయినా డిసెంబరు 25న మనం పండుగ చేసుకుంటున్నాం. అది అబద్ధమా? మనం పండుగ చేసేది తేదీకి కాదు, పుట్టినవానికి. కార్డు మీద "ఈ రోజున పుట్టావు" అని రాయనక్కరలేదు. "నువ్వు పుట్టినందుకు మాకు సంతోషం" అని రాస్తే అది ఏ రోజునైనా నిజమే.

న్యాయమంటే చేతిలో ఉన్నదాన్ని సమానంగా కోసి పంచడం మాత్రమే కాదు. రిజిస్టరులో సరిగా దొరకని మనిషి కోసం నాలుగడుగులు ఎక్కువ నడవడం కూడా న్యాయమే.

ప్రియ తల్లిదండ్రులారా, మీ పిల్లల పుట్టినరోజుకు కేకు కోస్తారు, సంతోషం. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె పుట్టినరోజు ఎప్పుడో మీకు తెలుసా? ఆమెకే తెలియకపోవచ్చు. ఈ వారం ఒకసారి అడిగి చూడండి.